కారిడార్‌లో ఆరని బొమ్మ

సింగపూర్‌లో ఏదీ ఓ పట్టాన ఆరదు. బూన్ లేలో కాపురం పెట్టిన తొలి రోజుల్లో నాకు ముందుగా వంటబట్టిన సంగతి అదే. వంటింటి కిటికీలోంచి వెదురు గెడలు బయటికి చాపి వాటి మీద బట్టలు ఆరేసేవాళ్ళం. ఎండ ఫెళ్ళున కాస్తూనే ఉండేది, అంతలో ఎక్కడి నుంచో మబ్బు వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోయేది. పసిపిల్ల గుడ్డలు సాయంత్రానికి కూడా చెమ్మ వాసన వేసేవి. మా అత్తయ్య ఊరి మీద బెంగ కొద్దీ గుమ్మడి వడియాలు పెడితే అవి ఎండకముందే బూజు పట్టాయి. మా వరసలోనే చివరి ఫ్లాట్‌లో ఉండే రష్యా చిత్రకారుడు వదీమ్ వేసే నూనె రంగుల బొమ్మలదీ అదే అవస్థ. వారాలు గడిచినా వేలు పెడితే రంగు అంటుకునేది. "నా బొమ్మలూ మీ వడియాలూ ఒకటే" అని ఆయన అంటే నేను అత్తయ్యకి తెలుగులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వడియాల విషయంలో ఆవిడ నవ్వే మనిషి కాదు.

ఇదంతా మళ్ళీ గుర్తు చేసింది వదీమ్ భార్య లరీసా. చాలాకాలం తర్వాత మొన్న ఆమె దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "వదీమ్ బొమ్మలు సింగపూర్‌లో ప్రదర్శనకు పెడుతున్నారు. ఆంటీ కూడా వస్తోంది" అని రాసింది. ఆంటీ అంటే మా అత్తయ్య, మా ఆయన తల్లి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మెసేజ్ ఇంకోసారి చదివాను. చనిపోయినవాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారని కబురు రావడం మామూలు విషయం కాదు కదా.

మేం బూన్ లేలో ఉన్నవి కంప్యూటర్ రోజులు. కీబోర్డు మీద చెయ్యి తిరిగిన ప్రతివాళ్ళకీ ఏదో ఒక దేశం నుంచి పిలుపు వచ్చేది. మా ఆయనకు వచ్చిన పిలుపు చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు లెక్కల ఆఫీసు నుంచి. ఇల్లు మాత్రం బూన్ లేలో దొరికింది. మ్యాపు చూస్తే తెలుస్తుంది, బూన్ లే దేశానికి పడమటి కొస, చాంగీ తూర్పు కొస. పొద్దున్నే రైలెక్కి ఒక కునుకు తీసి లేస్తే ఆఫీసు, సాయంత్రం ఇంకో కునుకు తీస్తే ఇల్లు. లరీసా కూడా ఆ ఆఫీసులోనే, అదే టీములో ప్రోగ్రామర్. ఇద్దరూ ఒకే లిఫ్టులో దిగి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక మా అంతస్తులో మిగిలేది డిపెండెంట్ పాసు వాళ్ళం. అంటే సంపాదించేవాళ్ళ నీడన ఈ దేశంలో ఉండనిచ్చిన వాళ్ళం. ఆ వరసలో అలాంటివాళ్ళం ఇద్దరమే, నేనూ వదీమూ. నేను ఎమ్మెస్సీ చదివి పిల్లని జోకొడుతూ కూర్చున్నాను. ఆయన లెనిన్‌గ్రాడ్ అకాడమీలో చదివి క్యాబేజీ తరుగుతూ కూర్చున్నాడు.

మా అత్తయ్య మూడో మనిషి. మా అమ్మ బళ్ళో టీచరు, సెలవు దొరక్క పురిటికి రాలేకపోయింది. దాంతో తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి అత్తయ్య మొదటిసారి విమానం ఎక్కి వచ్చింది. మావయ్య పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. సన్నగా, పొడుగ్గా, వెన్ను వంచకుండా నడిచే మనిషి. తెల్లవారకముందే తలస్నానం, తర్వాత చికోరీ కలిపిన కాఫీ, ఆ తర్వాత కాళ్ళు చాపుకుని పిల్లని వాటి మీద పడుకోబెట్టి నూనె రాసి నలుగు పెట్టి స్నానం. ఆపైన సాంబ్రాణి. ఆ పొగకి నిప్పంటుకుందనుకుని పక్కింటి మలయ్ ఆవిడ ఒకసారి బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చింది. పిల్ల చీర ఉయ్యాలలో నిద్రపోయాక అత్తయ్య ఒక ప్లాస్టిక్ స్టూలు తీసుకుని గుమ్మం బయట కారిడార్‌లో కూర్చునేది. ఆవిడకి ఇంట్లో ఊపిరాడేది కాదు. అరుగు లేని ఇల్లేమి ఇల్లని ఆవిడ అభిప్రాయం. ఉన్నంతలో ఆ కారిడార్‌నే అరుగు చేసుకుంది.

అక్కడి నుంచి ఆవిడకి వదీమ్ ఇల్లు బాగా కనిపించేది. గళ్ళ సరోంగు లుంగీలా కట్టుకుని, నెరిసిన గడ్డంతో ఆరడుగుల మగమనిషి బట్టలు ఆరేయడం, కూరలు తరగడం, భార్య ఆఫీసు చెప్పులు తుడిచి గుమ్మంలో పెట్టడం. నాలుగు రోజులు చూసి ఆవిడ నన్ను లోపలికి పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, ఆయనకేమన్నా జబ్బా?"

"లేదత్తయ్యా. బొమ్మలేస్తాడు."

"అది సరేనే. పనేంది?"

"అదే పని."

"ఆ యమ్మ మంచిదల్లే ఉందే" అంది అత్తయ్య లరీసా గురించి.

అత్తయ్యకీ వదీమ్‌కీ స్నేహం కుదిర్చింది వాసన. ఒకరోజు ఆయన గుమ్మం దగ్గర సీసాలోంచి గిన్నెలోకి ఏదో నూనె వంపుకుంటుంటే అత్తయ్య స్టూలు మీద నుంచే "ఇది అవిసె నూనె కాదంటే?" అంది. అవునన్నాను. "మా తలుపులకి పట్టించేవాళ్ళం. ఈయన గుడ్డకి పట్టిస్తన్నాడా" అని లేచి వెళ్ళి, చిటికెన వేలు ముంచి వాసన చూసి తల ఊపింది. వదీమ్ ఎంతో మర్యాదగా సీసా మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు, ఇంటికొచ్చిన వాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చినట్టు. అప్పటి నుంచి ఆవిడని ఆంటీ అన్నాడు, ఈ దేశంలో పెద్దవాళ్ళందరినీ అంటారు గనక. ఆవిడ ఆయన్ని బాబూ అంది, యాభై దాటినవాడైనా.

సింగపూర్ వెలుతురుతో వదీమ్‌కి పడేది కాదు. వాళ్ళ దేశంలో సూర్యుడు పక్క నుంచి వంగి చూస్తాడట, ముఖం మీద వెలుగూ నీడా నెమ్మదిగా నడుస్తాయట. ఇక్కడ సూర్యుడు లేస్తూనే నిట్టనిలువుగా నెత్తికెక్కుతాడు. ఇంట్లో చూస్తే సగం చీకటి, సగం కళ్ళు చెదిరే ఎండ. ఆయన అంతస్తంతా తిరిగి కనిపెట్టింది ఒకటే. ఎదురు బ్లాకు తెల్లగోడ మీద పడిన పొద్దుటి ఎండ తిరిగి మా కారిడార్‌లోకి వస్తుంది, పదింటిదాకా కదలకుండా మెత్తగా ఉంటుంది. ఆ వెలుతురు సరిగ్గా వచ్చి పడే చోట మా అత్తయ్య స్టూలు ఉంది. ఆయన వారం రోజులు అటూ ఇటూ నడుస్తూ ఆవిడని చూశాడు. తర్వాత నా దగ్గరకు వచ్చి, ఆంటీ బొమ్మ వేసుకోవచ్చా అని అడిగాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరకొరే. ఇద్దరికీ మధ్య అది సరిపోయేది.

అత్తయ్య ఒప్పుకోదనుకున్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకుంది, ఒక షరతు పెట్టి. "వేశాక అది నాకియ్యాల. నేను పోయినాక గోడకి పెట్టుకోటానికి."

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఈ మాట ఎంత తేలిగ్గా అంటారో వదీమ్‌కి వివరించడానికి నాకు చాలాసేపు పట్టింది. దండ వేసే ఫొటో ఏదో బతికుండగానే తేల్చుకోవాలని ఆవిడ పంతం. దానికి కారణం మావయ్య. ఆయనకు బతికున్నప్పుడు విడిగా ఒక్క ఫొటో కూడా తీయలేదు. పోయాక ఎవరి పెళ్ళిలోనో తీసిన గుంపు ఫొటో దొరికితే, తెనాలిలో స్టూడియో అతను అందులోంచి తల కత్తిరించి, పెద్దది చేసి, కింద కోటూ టై తగిలించి ఇచ్చాడు. అప్పట్లో స్టూడియోల వాళ్ళు పోయినవాళ్ళందరికీ అదే కోటు తొడిగేవాళ్ళు. మావయ్య జన్మలో చొక్కా గుండీలు కూడా పూర్తిగా పెట్టుకున్న మనిషి కాదు.

"ఆ కోటాయన ఎవరో నాకు తెలవదే" అంది అత్తయ్య. "పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటా ఉంటే పరాయి మగోడికి పెట్టినట్టుంటది. నాకట్టా వద్దు. నన్ను చూస్తే నేనే అని తెలియాల."

ఇది చెప్పినప్పుడు వదీమ్ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఆ రోజు కారిడార్‌లో నిలబడే తన కథ కొంత చెప్పాడు, మిగతాది ఆ తర్వాతి ఉదయాల్లో ముక్కలు ముక్కలుగా విన్నాను. వోల్గా ఒడ్డున చిన్న ఊరు, తండ్రి పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. చిన్నప్పుడే లెనిన్‌గ్రాడ్‌లో బొమ్మల బడికి పంపారు. అక్కడ ఒక ముసలి మాస్టారు ఏడాది పొడుగునా సున్నంతో చేసిన చెవిని గీయించాడట, ఒక్క చెవిని. "కనబడుతున్నదే గీయి, తెలిసింది గీయకు" అని చేతిలోంచి పెన్సిలు లాక్కునేవాడట. అకాడమీ పూర్తయ్యాక సర్కారు వారి పనులు. పాలు పితికే ఆడవాళ్ళు, ఓడలు కట్టే మగవాళ్ళు. ఎవరినీ చూడకుండా వేయలేదు. పాల కేంద్రంలో నెలల తరబడి మకాం పెట్టి వేశాడు. తర్వాత ఆ దేశమే లేకుండా పోయింది. పని ఇచ్చేవాడు లేడు. అప్పుడు తోలు జాకెట్లు వేసుకున్న కొత్త డబ్బున్న మనుషులు రావడం మొదలైందట. వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని చచ్చేవాళ్ళు. చచ్చిన కుర్రవాడి ఫొటో తెచ్చి పెద్ద బొమ్మ వెయ్యమనేవాళ్ళు, భుజాలు వెడల్పు చెయ్యమనేవాళ్ళు, మెడలో బంగారు శిలువ పెట్టమనేవాళ్ళు, వెనకాల కారు పెట్టమనేవాళ్ళు. ఆయన పెట్టాడు. అలా కొన్నాళ్ళు వేశాక ఒకరోజు ఆ చచ్చిన కుర్రవాళ్ళ తల్లుల్లో ఒకామె వచ్చి బొమ్మ ముందు నిలబడి, వీడు ఎవరు అని అడిగిందట.

"ఆ రోజు నుంచి ఫొటో చూసి వేయను. లేనిది పెట్టను" అన్నాడు వదీమ్. "మీ మావయ్యకి కోటు తొడిగింది నాలాంటివాడే."

సింగపూర్‌లోనూ ఆ పట్టు వదల్లేదు. లరీసా ఆఫీసులో పెద్దవాళ్ళు ఫొటోలు పంపి బొమ్మలు వేయమంటే వచ్చి కూర్చోమన్నాడు. వాళ్ళకి కూర్చునే తీరిక ఎక్కడిది. దాంతో ఆయన తన వంటింటి సామాన్లే వేసుకుంటూ ఉండిపోయాడు. అలాంటివాడికి తీరిక తప్ప ఏమీ లేని మా అత్తయ్య దొరికింది.

కూర్చోవడం మొదలైంది. పిల్ల నిద్రపోగానే స్టూలు కారిడార్‌లోకి, ఆయన బొమ్మలేసే చెక్క స్టాండు పిట్టగోడ పక్కకి. ఆయన ఎంతోసేపు చెయ్యి కదపకుండా చూసేవాడు. కుంచె పిడిని ఒక కన్ను మూసి గాలిలో పెట్టి కొలిచేవాడు. గంట పనిచేసి, వెనక్కి వెళ్ళి చూసి, గుడ్డ తీసుకుని అంతా తుడిచేసేవాడు. అది చూసి అత్తయ్యకు ప్రాణం ఉసూరుమనేది. "వండిందంతా కుడితిలో పోసినట్టు, ఏంది బాబూ ఇది" అనేది. నేను ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కుడితి అన్న మాటకి చాలా అవస్థ పడ్డాను. దారిన పోయే వాళ్ళంతా ఆగి చూసేవాళ్ళు. పక్కింటి మలయ్ ఆవిడ రోజూ వచ్చి "ఆంటీ, సో ప్రెట్టీ లా" అని ఇక్కడి ఇంగ్లీషులో మెచ్చుకుని భుజం తట్టి వెళ్ళేది. అత్తయ్య ఆ మాటకి అర్థం నన్ను అడగలేదు గానీ, మర్నాటి నుంచి తల ఇంకొంచెం జాగ్రత్తగా దువ్వుకునేది.

చిక్కు ముక్కు దగ్గర వచ్చింది. ముఖం దాదాపు తేలింది అనుకున్న రోజున అత్తయ్య లేచి వచ్చి బొమ్మ చూసింది. వేలాడే చెవి తమ్మెలు, ఊడిన పన్ను వల్ల లోపలికి పోయిన బుగ్గ, అన్నీ ఉన్నాయి. వాటికి ఆవిడ ఏమీ అనలేదు. కుడి ముక్కు మీద చిన్న నల్లచుక్క దగ్గర వేలు ఆపింది. అది ముక్కుపుడక తీసేసిన తర్వాత మిగిలిన చిల్లు.

"ఇక్కడ పుడక పెట్టమను" అంది.

వదీమ్ నా వైపు చూశాడు, ఆవిడ ముక్కు వైపు చూశాడు. "లేదు కదా" అన్నాడు.

"ఉందమ్మా. ఆయన పోయినప్పుడు పదోరోజున తీయించారు. ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి ఉంది నాకది. ఈ ముక్కు నాది కాదు. నన్ను చూస్తే నేనే అని తెలియాలన్నానా లేదా?"

ఎర్రరాయి పుడక. అది ఆవిడ నడుముకు దోపుకునే బొడ్డుసంచిలోనే ఉంది, మనవరాలికి ఇద్దామని తెచ్చింది. వదీమ్‌కి చెప్పాను. ఆయన ఎంత నెమ్మదస్తుడో ఆ ఒక్క విషయంలో అంత మొండివాడు. "పెట్టుకుంటే వేస్తాను" అన్నాడు. ఆవిడ ఎలా పెట్టుకుంటుంది? మొగుడు పోయిన మనిషి పుడక పెట్టుకుందంటే ఊళ్ళో ఏమంటారో నేను ఆయనకు చెప్పలేకపోయాను. కింద అంతస్తులో గుడివాడ వాళ్ళు ఉన్నారు. ఇక్కడ తుమ్మితే తెనాలిలో వినపడేది. "ఈయన బొమ్మలోనన్నా పెట్టడు, నేను ముక్కునన్నా పెట్టుకోలేను. ఎట్టా చచ్చేది?" అంది అత్తయ్య. వదీమ్ గుడ్డతో బొమ్మ మీది ఆ చిల్లు తుడిచేశాడు. ముక్కు పక్కన బొటనవేలంత మేర ఖాళీ కాన్వాసు బయటపడింది. ఏదో ఒకటి తేలేదాకా అక్కడ వేయనన్నాడు. బొమ్మ అలాగే గోడకి ఆనించి ఉండిపోయింది. ఇద్దరూ రోజూ కారిడార్‌లో పలకరించుకునేవాళ్ళు, ముక్కు మాట మాత్రం ఎత్తేవాళ్ళు కాదు.

ఇంతలో రోజులు తిరగబడ్డాయి. ఎక్కడో అమెరికాలో కంపెనీలు కూలుతున్నాయని మా ఆయన సాయంత్రాలు పేపరు చదివి చెప్పేవాడు. తర్వాత అది చాంగీదాకా వచ్చింది. ఒక మధ్యాహ్నం లరీసా వేళకాని వేళ ఇంటికి వచ్చింది, చేతిలో ఆఫీసు మొక్క కుండీ పట్టుకుని. వాళ్ళ టీములో కొంతమందిని తీసేశారు, అందులో ఆమె ఒకతె. ఉద్యోగం పోతే పాసు పోతుంది, ఆమె పాసు పోతే వదీమ్ పాసూ పోతుంది. కొద్ది రోజుల్లో దేశం విడవాలి. మా ఆయన ఉద్యోగం మిగిలింది. ఎందుకు మిగిలిందో ఆమెది ఎందుకు పోయిందో ఎవరికీ తెలియదు, ఆమె ఆయనకంటే మంచి ప్రోగ్రామర్.

నేను విషయం చెప్పినప్పుడు అత్తయ్య పిల్లకి సాంబ్రాణి పడుతోంది. "అయితే నా బొమ్మ?" అని మాత్రం అడిగింది.

మర్నాడు పొద్దున మా ఆయన వెళ్ళాక ఆవిడ అద్దం ముందు కూర్చుంది. "ఆ గుడివాడ వాళ్ళు ఇంట్లో ఉన్నారంటే?" అంది. ఊరికెళ్ళారన్నాను. బొడ్డుసంచి విప్పి పుడక తీసింది. కొబ్బరినూనె రాసుకుంది. చిల్లు సగం పూడిపోయి ఉంది. లోపలికి దిగలేదు. నేను వద్దన్నాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు, పెదవి బిగించి ఒక్క నొక్కు నొక్కింది. మర తిప్పుకుని లేచి నిలబడింది. ముక్కు చుట్టూ ఎర్రగా కందిపోయింది, అంచున సన్నగా రక్తం. కుడి కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ముక్కు కుట్టించుకున్న ఆడవాళ్ళకి తెలుసు, ఆ నీళ్ళు మనం ఆపితే ఆగవు. స్టూలు తీసుకుని కారిడార్‌లోకి వెళ్ళి కూర్చుంది. ఆవిడ నడకలో దొంగతనం ఏమీ లేదు. అప్పుడు నాకు భయం వేసింది, ఆవిడని చూస్తే గర్వంగానూ అనిపించింది.

వదీమ్ సామాన్లు సర్దే అట్టపెట్టెలు వదిలేసి వచ్చి స్టాండు పెట్టాడు. ఆ పూట తుడుపు గుడ్డ ముట్టుకోలేదు, వేసింది ఒక్కసారీ తుడవలేదు. ఎదుటి గోడ మీద ఎండ మారేదాకా పనిచేసి కుంచె దించాడు. అత్తయ్య వచ్చి చూసింది. పుడక ఉంది. ఎర్రరాయి పక్కన కందిన ముక్కు ఉంది. కుడి కన్ను నిండా నీళ్ళు, ఒక చుక్క రెప్ప అంచున.

"ఏడుస్తన్నట్టు ఏశాడే. ఆ నీళ్ళు తుడవమను" అంది.

నేను చెప్పాను. వదీమ్ తల అడ్డంగా ఊపాడు. "ఉన్నాయి కదా" అన్నాడు.

ఆవిడ వాదిస్తుందనుకున్నాను. కాసేపు బొమ్మ వంక చూసి, "నిజమేలే. నెప్పెట్టింది మరి. ఉన్నదే ఏశాడు" అంది.

బొమ్మ ఇచ్చేద్దామంటే అది ఆరలేదు. వాళ్ళు వెళ్ళే రోజు వచ్చినా ముక్కు దగ్గర రంగు పచ్చిగానే ఉంది. మా ఇంట్లో పెడితే సాంబ్రాణి మసి అంటుకుంటుందని, తీసుకెళ్ళి ఆరాక పంపుతానని వదీమ్ చెప్పాడు. రంగు అంటకుండా రెండు చెక్కల మధ్య బిగించి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని టాక్సీ ఎక్కాడు. అత్తయ్య లిఫ్టు దాకా వెళ్ళి సాగనంపింది. ఆ తర్వాత ఆవిడ ఇక్కడ ఉన్నన్నాళ్ళూ రోజూ మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే పుడక పెట్టుకునేది, సాయంత్రం ఆయన వచ్చే వేళకి తీసి సంచిలో వేసుకునేది. నేను ఆయనకు చెప్పలేదు, చెప్పవద్దని ఆవిడా అనలేదు. ఊరికి వెళ్ళేరోజు విమానాశ్రయంలో దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "పాపకి" అంది.

తర్వాత ఫోను చేసినప్పుడల్లా పిల్ల సంగతి, కొడుకు సంగతి అయ్యాక ఒకటే అడిగేది. "ఆ బొమ్మ ఆరిందా?" ఒక ఏడాది గడిచాక లరీసా నుంచి ఈమెయిలు వచ్చింది. వాళ్ళ దేశంలో వసంతంలో జరిగే ప్రదర్శనలో వదీమ్ ఆ బొమ్మ పెట్టాడు, దాన్ని చూసిన వాళ్ళు ఆయన పాత పనులన్నీ వెతుక్కుంటూ వచ్చారు, అకాడమీలో పాఠం చెప్పడానికి పిలిచారు, ఒక మ్యూజియం ఆ బొమ్మను అడిగింది. పాఠాలు ఇంకా మొదలుకాలేదు, అప్పటికి ఇంట్లో ఎవరికీ సంపాదన లేదు. డబ్బుకి ఇచ్చేశాడు. "ఇచ్చిన రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు, ఇవ్వమన్నది నేను" అని రాసింది. నేను అత్తయ్యకి ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాట తప్పాడని తిడుతుందనుకున్నాను.

"నన్నెరిగినోళ్ళు ఎవరుంటారే అక్కడ" అంది. మళ్ళీ తనే, "పోనీలే. అక్కడ పుడక తియ్యమనేవాళ్ళు ఉండరు" అంది.

ఆవిడ పోయాక గోడకి పెట్టింది పాస్‌పోర్టు ఫొటోనే. స్టూడియో అతను పెద్దది చేసి, ముడతలు తీసి, ముక్కు మీద చిల్లు కూడా పూడ్చి నున్నగా చేసి ఇచ్చాడు. ఊళ్ళో ఇల్లు తీసేశాక ఆ రెండు ఫొటోలూ మా దగ్గరకే వచ్చాయి. కోటు వేసుకున్న మావయ్య, చిల్లు లేని అత్తయ్య, ఇద్దరు కొత్తవాళ్ళు పక్కపక్కన. దండలు మార్చేటప్పుడు నాకు ఎప్పుడూ కొంచెం సిగ్గుగానే ఉండేది.

ఇప్పుడు మేం సింగపూర్‌లోనే పుంగ్గోల్‌లో ఉంటున్నాం. బట్టలు ఆరేసే యంత్రం ఉంది, గంటలో ఎండుగడ్డిలా చేసి ఇస్తుంది. కారిడార్‌లో స్టూలు వేస్తే దారికి అడ్డమని కాగితం అంటిస్తారు, అసలు వేసేవాళ్ళూ లేరు. తలుపులన్నీ మూసే ఉంటాయి. ఉద్యోగాలు మాత్రం అప్పటిలాగే వస్తాయి, అప్పటిలాగే పోతాయి. అప్పట్లో మొక్క కుండీ పట్టుకుని వచ్చిన లరీసాను అంతస్తంతా చూసింది, ఇప్పుడు ఎవరిది పోయిందో పక్కింటికి తెలియదు. ఆ రోజులే బాగున్నాయని నేను అనను. ఆ రోజుల్లో మా అత్తయ్య తన ముక్కుకి తాను పుడక పెట్టుకోవడానికి ఇంత దేశం దాటి రావలసి వచ్చింది, పైగా కింద అంతస్తు వాళ్ళు ఊళ్ళో లేరని కనుక్కోవలసి వచ్చింది.

ప్రదర్శనకు మా అమ్మాయి మేఘనతో వెళ్ళాను. ఆ ఉయ్యాలలో పడుకున్న పిల్ల తను, ఇప్పుడు తనూ చాంగీలోనే పనిచేస్తోంది. మా ఆయన రానన్నాడు. బొమ్మల గురించి తనకేం తెలుసన్నాడు. వదీమ్ ప్రయాణం చేసే స్థితిలో లేడు, లరీసా ఒక్కతే వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. ఇద్దరం ఒకరి చేతులు ఒకరు పట్టుకుని బొమ్మల మధ్యకి నడిచాం. పాలు పితికే ఆడవాళ్ళు, వంటింటి గిన్నెలు, వోల్గా మీద పడవలు దాటుకుంటూ వెళ్తే చివరి గదిలో అత్తయ్య ఉంది. స్టూలు మీద, మా కారిడార్‌లో, ఎదురు గోడ వెలుతురులో. నేను అనుకున్న దానికంటే చిన్న బొమ్మ. రంగు ఎప్పుడో ఆరిపోయింది, కన్ను మాత్రం తడిగానే ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

పక్కన గోడ మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి పెట్టారు. పరాయి దేశంలో భర్తను తలుచుకుని కన్నీరు పెట్టుకుంటున్న వితంతువు అని వాటి సారాంశం. మేఘన అది చదివి నా వైపు తిరిగింది.

"అమ్మా, తాతని మిస్ అయ్యి ఏడుస్తోందా నానమ్మ?"

"కాదు. పూడిపోయిన ముక్కులోకి పుడక పెట్టుకుంది. నొప్పికి వచ్చిన నీళ్ళు."

"సో పెయిన్‌ఫుల్, దెన్ వై నెవర్ టేక్ అవుట్?" అంది ఇక్కడ పెరిగిన పిల్లల ఇంగ్లీషులో, అంత నొప్పయితే తీసెయ్యలేదేమని.

"ఆ పూట తియ్యమనేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాను.

తను మళ్ళీ బొమ్మ వైపు తిరిగి చాలాసేపు చూసింది. తన బీరువాలో ఉన్న ఎర్రరాయి అదేనని అప్పుడు తెలిసినట్టుంది. లరీసాను అడిగి ఫోనుతో ఒక ఫొటో తీసుకుంది. ఫొటో చూసి బొమ్మ వేయననే మనిషి, బొమ్మ చూసి ఫొటో తీస్తే ఏమనేవాడో తెలియదు. లరీసా మాత్రం తీసుకోమంది.

ఇంటికి వచ్చి ఆ ఫొటో మా ఆయనకు చూపించాను. ఆ పుడక సంగతి ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ వచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుని, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇదీ మా అమ్మ" అన్నాడు. "నేను బడి నుంచి వచ్చేతలికి అరుగు మీద ఇట్టాగే కూచునుండేది. ఎండకి ఆ రాయి దూరం నుంచే కనపడేది. అది చూసి పరిగెత్తేవాణ్ణి."

అంటూనే లేచి, కుర్చీ వేసుకుని ఎక్కి, గోడ మీది పాస్‌పోర్టు ఫొటోను దండతో సహా దించాడు.